నీళ్లలో దిగి మళ్లీ ఎర్రబడే కడ్డీ

రాయ్‌పూర్ శివార్లలో ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలున్నాయి. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు అక్కడ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. మన స్లాబుల్లో, పిల్లర్లలో దాక్కునే టీఎంటీ కడ్డీలు అక్కడ లారీలకెక్కి నాలుగు దిక్కులా పోతాయి. కడ్డీ పైపొరకు గట్టిదనం ఎలా వస్తుంది? సరిగ్గా వచ్చిందో లేదో మిల్లువాళ్లకు ఎలా తెలుస్తుంది? ఈ రెండు ప్రశ్నల చుట్టూ అల్లుకున్న విశేషాలివి. కొన్ని రాయ్‌పూర్‌వి, కొన్ని పక్కనున్న భిలాయ్‌వి, కొన్ని ఎక్కడెక్కడివో.

నల్లబడింది కదా అని దగ్గరికెళ్లకండి

మిల్లులో చివరి రోలర్ల జత దాటేసరికి కడ్డీ వేడి 950 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. రంగు నారింజ. వేగం సెకనుకు పది మీటర్ల పైమాటే. అదే ఊపులో వెళ్లి నీటి గొట్టాల వరుసలోకి దూరుతుంది. దాన్ని క్వెంచింగ్ బాక్స్ అంటారు. లోపల అన్ని వైపుల నుంచీ ఒత్తిడితో నీరు కొడుతుంది. అంతా సెకను, ఒక్కోసారి అంతకంటే తక్కువ వ్యవహారం. అవతలికొచ్చిన కడ్డీ నల్లగా కనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్లు చల్లారిపోయిందనే అనుకుంటారు. కొన్ని మీటర్లు సాగేసరికి ఆ నలుపులోంచి మసక ఎరుపు మళ్లీ పైకి తేలుతుంది. బయట ఎక్కడా మంట లేదు. నీటి దెబ్బ తగిలింది పైపొరకే. లోపలి భాగం ఇంకా ఎర్రగా కాగుతూనే ఉంది. ఆ వేడి బయటికి పాకి పైపొరను మళ్లీ 600 డిగ్రీల దరిదాపులకు తెచ్చింది.

ఈ ఒక్క పరుగులో మూడు పనులు జరిగిపోయాయి. నీటి దెబ్బకు పైపొర మార్టెన్‌సైట్ అనే మహా గట్టి రూపానికి మారింది. గట్టిదే గాని పెళుసు. లోపలి వేడి తిరిగొచ్చి ఆ పెళుసుదనాన్ని తగ్గించింది. ఆ తర్వాత కూలింగ్ బెడ్ మీద తీరిగ్గా చల్లారిన లోపలి భాగం మెత్తగా, సాగే గుణంతో మిగిలింది. భూకంపం ఊపినప్పుడు కడ్డీ పుటుక్కున తెగకుండా సాగి నిలబడాలంటే పైబిగువూ లోపలి సాగుడూ రెండూ కావాలి.

ఈ పద్ధతికి పుట్టినిల్లు బెల్జియం. లీయెజ్‌లోని లోహ పరిశోధన కేంద్రంలో 1970లలో టెంప్‌కోర్ పేరుతో రూపుదిద్దుకుంది. జర్మనీ నుంచి వచ్చినది థర్మెక్స్. అంతకుముందు మన దగ్గర రాజ్యమేలింది టోర్ స్టీల్. చల్లటి కడ్డీని మెలిపెట్టి బలం తెచ్చేవారు. ఆ కాలం పోయినా పేరు పోలేదు. టీఎంటీ కడ్డీని పట్టుకుని "టోరు" అనే పెద్ద మేస్త్రీలు ఇప్పటికీ కనిపిస్తారు.

ఎవరికీ కనిపించని పొరకు కాపలా

కడ్డీ గట్టిపడే ఆ క్షణంలో దాని లోపలికి తొంగిచూసే సాధనం మామూలు మిల్లులో ఉండదు. నీటి ఒత్తిడి, ప్రవాహం, నీటి వేడి, కడ్డీ వేగం మీటర్ల మీద కనిపిస్తాయి. కానీ ఇవన్నీ మనం ఏం చేశామో చెప్పేవే. కడ్డీకి ఏం జరిగిందో చెప్పేది పైరోమీటర్ ఒక్కటే. కడ్డీ మళ్లీ ఎర్రబడ్డ చోట, కూలింగ్ బెడ్ మొదట్లో దాన్ని గురిపెట్టి ఉంచుతారు. అది కడ్డీని ముట్టుకోదు. దాని వెలుగును బట్టి వేడి చెబుతుంది.

ఆ అంకె పెరిగిందంటే నీటి దెబ్బ చాల్లేదన్నమాట. పొర పలచగా వచ్చింది, బలం తగ్గుతుంది. అంకె పడిపోయిందంటే నీరు ఎక్కువైంది, పొర మందమెక్కింది. అప్పుడు బలం కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది, వంచితే మాత్రం పగులు చూపిస్తుంది. కొనేవాళ్లలో చాలామంది బలం అంకె ఒక్కటే అడుగుతారు కాబట్టి ఈ రెండో తప్పే ఎక్కువ ప్రమాదమని నా లెక్క. బలం తగ్గితే ల్యాబ్‌లోనే దొరికిపోతుంది. సాగే గుణం తగ్గిన సంగతి ఎవరూ చూడకపోతే కట్టిన చాలా ఏళ్లకు, భూమి కదిలిన రోజున బయటపడుతుంది.

పైరోమీటర్‌నూ గుడ్డిగా నమ్మడానికి లేదు. నీటి గొట్టాల చుట్టూ ఆవిరి కమ్ముకుని ఉంటుంది. ఆ తెరలోంచి చూస్తే కడ్డీ అసలు కంటే చల్లగా కనిపిస్తుంది. కడ్డీ మీద పేరుకున్న నల్లటి పొక్కు, దాన్ని మిల్లుల్లో స్కేల్ అంటారు, అది కూడా అంకెను మారుస్తుంది. అందుకే రెండు రంగుల పైరోమీటర్లు వచ్చాయి. అవి రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాల వెలుగును కొలిచి వాటి నిష్పత్తిని బట్టి వేడి చెబుతాయి. ఆవిరి రెండింటినీ ఒకే పాళ్లలో మింగితే నిష్పత్తి చెక్కుచెదరదు.

మే నెల వేరు, డిసెంబరు వేరు

రాయ్‌పూర్‌లో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఒకే నీటిని చల్లార్చి మళ్లీ మళ్లీ వాడే మిల్లుకు ఇది నేరుగా తగులుతుంది. ఎర్రటి లోహానికి నీరు తాకగానే మధ్యలో పలచటి ఆవిరి పొర ఏర్పడుతుంది. వేడి పెనం మీద నీటి బొట్టు ఆవిరైపోకుండా గిరగిరా తిరిగేది ఇందువల్లే. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ ఆ సంగతి రాసిపెట్టాడు. ఆవిరి పొర ఉన్నంతసేపూ లోహం నెమ్మదిగా చల్లారుతుంది. నీరు వెచ్చగా ఉన్నకొద్దీ ఆ పొర మొండికేస్తుంది. మిల్లులో నీటిని అంత ఒత్తిడితో కొట్టేది దాన్ని చీల్చడానికే. పాత కమ్మర్లు నీళ్లలో ఉప్పు కలిపేదీ అందుకే.

కోసి, నున్నగా రుద్ది, ఆమ్లం పూసి

ఇన్ని మీటర్లున్నా చివరి తీర్పు ఇప్పటికీ పాతకాలపు పద్ధతిదే. కడ్డీ ముక్కను అడ్డంగా కోస్తారు. కోసిన ముఖాన్ని ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దుతారు. ఆల్కహాల్‌లో కొద్ది శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటాల్ అనే ద్రావణం పూస్తారు. కొన్ని సెకన్లలో అంచు పొడుగునా ముదురు బూడిద రంగు ఉంగరం తేలుతుంది. మధ్యభాగం లేత రంగులో ఉండిపోతుంది. ఆ ఉంగరమే గట్టిపడ్డ పొర. మంచి కడ్డీలో అది మొత్తం వైశాల్యంలో ఇంచుమించు 20 నుంచి 30 శాతం ఉంటుంది.

ఉంగరాన్ని చదవడం కూడా ఒక విద్యే. చుట్టూ ఒకే మందంతో ఉంటే నీరు అన్ని వైపులా సమంగా తగిలింది. ఒక పక్క మందంగా, ఎదురు పక్క నెలవంకలా సన్నగా ఉంటే ఆ వైపు నీటి రంధ్రం పూడుకుపోయి ఉండాలి, లేదా కడ్డీ గొట్టం మధ్యలో కాకుండా ఓ పక్కకు ఒరిగి పరిగెత్తి ఉండాలి. ఉంగరం ఎక్కడైనా తెగిపోయి ఉంటే ఆ సరుకు పక్కన పెట్టాల్సిందే.

కాకపోతే ఈ పరీక్ష ఆలస్యంగా మేల్కొంటుంది. 12 మి.మీ. కడ్డీ మీటరు బరువు సుమారు 0.89 కిలోలు. సెకనుకు పది మీటర్ల లెక్కన ల్యాబ్‌లో ముక్క కోసి, రుద్ది, ఆమ్లం పూసే ఐదు నిమిషాల్లో బయట రెండున్నర టన్నులకు పైగా కడ్డీ సాగిపోయి ఉంటుంది. పైరోమీటర్ చెప్పేది వెంటనే చెబుతుంది గాని పరోక్షంగా చెబుతుంది. ఆమ్లం నేరుగా చూపిస్తుంది గాని సరుకు గడప దాటాక చూపిస్తుంది. ఉక్కు పైపొరను కనిపెట్టి చూసే పరికరాల కథంతా ఈ రెండింటి మధ్య దూరం తగ్గించే కథే.

లోహాన్ని రుద్ది, ఆమ్లంతో కొరికించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడటం ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మొదలైంది. 1863లో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ ఆ పని చేశాడు. మార్టెన్‌సైట్ అన్న పేరు జర్మన్ లోహశాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ మీదుగా వచ్చింది. పేరు పెట్టింది ఆయన కాదు, ఫ్రాన్సుకు చెందిన ఫ్లోరిస్ ఓస్మండ్, 1895లో.

కొనేటప్పుడు చూడాల్సిన అక్షరం

కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786. అందులో ఎఫ్‌ఈ 500, ఎఫ్‌ఈ 500డి అని రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ కనీస బలం 500 మెగాపాస్కల్సే. మొదటిది తెగేలోపు 12 శాతం సాగితే చాలు, రెండోది 16 శాతం సాగాలి. గంధకం, భాస్వరం హద్దులు కూడా రెండోదానికి గట్టివి. ఆ చివరి 'డి' సాగే గుణానికి గుర్తు. తేడా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

గ్యాస్ మంట పెట్టి వంచొద్దు

లావు కడ్డీ వంగడం లేదని కొన్ని సైట్లలో గ్యాస్ కటింగ్ మంటతో ఎర్రగా కాల్చి వంచుతారు. ఎర్రగా కాలిందంటే ఆ చోట మిల్లులో సంపాదించిన పైపొర బలం పోయినట్టే. గాలికి చల్లారితే అది తిరిగి రాదు. లేత్ మీద పెట్టి కడ్డీని సన్నం చేయడమూ అంతే. చెక్కిపారేసేది అచ్చంగా గట్టి పొరనే.

పట్టాకు అదే విషం

రాయ్‌పూర్‌కు పడమరగా ముప్పై కిలోమీటర్ల దూరంలో భిలాయ్. సోవియట్ సాయంతో కట్టిన ఆ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 1960 నుంచి అక్కడ రైలు పట్టాలు తయారవుతున్నాయి. ఇప్పటి యూనివర్సల్ రైల్ మిల్లులో ఒకే ముక్కగా 130 మీటర్ల పట్టా వస్తుంది. అలాంటివి రెండు అతికి 260 మీటర్ల పొడవున రైలు బండ్ల మీదే పంపుతారు. వంపుల్లో అంత పొడుగు ఉక్కు బండితో పాటే వంగుతూ పోవడం చూసి తీరాల్సిన దృశ్యం.

పట్టా మీద చక్రం తగిలేది తలభాగానికే. మామూలు పట్టా గట్టిదనం బ్రినెల్ లెక్కలో 260 నుంచి 300. తలభాగాన్ని ప్రత్యేకంగా గట్టిపరిచిన ఆర్350హెచ్‌టీ రకానికి 350 నుంచి 390. భిలాయ్‌లోనూ, రాయగఢ్‌లోని జిందాల్ కర్మాగారంలోనూ ఇలా తల గట్టిపరిచిన పట్టాలు చేస్తున్నారు. ఇక్కడో తమాషా ఉంది. టీఎంటీ కడ్డీకి ప్రాణం పోసిన మార్టెన్‌సైట్ పట్టాలో పొరపాటున కూడా కనిపించకూడదు. పట్టాలో కర్బనం ఎక్కువ. అందులో మార్టెన్‌సైట్ పుడితే అది గాజులా పగులుతుంది, పగులు కిందికి పాకుతుంది. అందుకని తలభాగాన్ని చల్లార్చే వేగాన్ని ఒక ఇరుకు సందులో నడపాలి. నెమ్మదించితే గట్టిదనం రాదు, తొందరపడితే మార్టెన్‌సైట్ వస్తుంది. కావాల్సింది పెర్లైట్ అనే సన్నటి పొరల అమరిక, అది ఎంత సన్నగా ఉంటే పట్టా అంత మన్నుతుంది. 130 మీటర్ల పొడవునా ఆ సందు తప్పకుండా కాయడం కడ్డీ మిల్లు కాపలా కంటే కష్టమైన పని.

ఇంత జాగ్రత్తగా చేసిన పట్టా మీద ఆ విషాన్ని రైలింజనే పుట్టించగలదు. బరువైన గూడ్స్ బండి కదలక ఇంజన్ చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయనుకోండి. ఆ రాపిడికి పట్టా పైభాగం ఒక్కసారిగా ఎర్రబడుతుంది. చక్రం ఆగగానే కింద ఉన్న చల్లటి ఉక్కు ఆ వేడిని లాగేస్తుంది. నీరు అక్కర్లేకుండానే క్వెంచింగ్ అయిపోయింది! అక్కడ పలచటి మార్టెన్‌సైట్ పొర ఏర్పడుతుంది. పట్టాల తనిఖీలో వెతికే మచ్చల్లో ఇదొకటి.

తల గట్టిపరిచిన పట్టాల అవసరం ఎక్కువగా వంపుల్లోనూ బరువు లైన్లలోనూ. బైలాడిల ఇనుప ఖనిజాన్ని కొండలు దాటించి విశాఖకు చేర్చే కొత్తవలస–కిరండూల్ లైను అందుకు మంచి ఉదాహరణ. పదుల కొద్దీ సొరంగాలు, తిరిగినచోటల్లా వంపు.    

కొలిమి ఎందుకు నీడలో ఉంటుంది

కమ్మరి కొలిమి చీకటిగా ఉండటం పేదరికం వల్లేనని అనుకుంటాం. నిజానికి చీకటే ఆయన పైరోమీటర్. ఎండలో 700 డిగ్రీల ఎరుపు కనిపించదు. నీడలో ముదురు ఎరుపు, చెర్రీ ఎరుపు, నారింజ, పసుపు అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఆ తర్వాత ఇంకో రంగుల వరుస ఉంది. గట్టిపరిచిన ఉక్కును మెరిసేలా రుద్ది మెల్లగా వేడిచేస్తే 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 250 దాటాక గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. ఇవి నిప్పు రంగులు కావు, పైన ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొర మీద వెలుగు చేసే మాయ. కత్తికి ఒక రంగు, ఉలికి ఒక రంగు, స్ప్రింగుకు ఒక రంగు దగ్గర ఆపి నీళ్లలో పెడతారు.

అయస్కాంతం వదిలేసిందంటే

ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. చిన్న వర్క్‌షాపుల్లో ఒక అయస్కాంతాన్ని తీగకు వేలాడదీసి ఉంచుతారు. ఎర్రటి ముక్కను తాకించినప్పుడు అతుక్కోలేదంటే ఇంకాస్త కాల్చి నీళ్లలో ముంచవచ్చు. ఖర్చు పది రూపాయలు, ఖచ్చితత్వం ఎన్నో మీటర్లకు తీసిపోదు.

ఇదే సంగతి ఇండక్షన్ హార్డెనింగ్‌లో యంత్రం తనంతట తానే కనిపెడుతుంది. రాగి చుట్టలో కరెంటు పారిస్తే, దాని మధ్యనున్న ఉక్కు షాఫ్టులోనూ కరెంటు పుట్టి పైపొర కాలుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. రాయ్‌పూర్ ఫర్నేసుల్లో తుక్కును, స్పాంజ్ ఐరన్‌ను కరిగించేదీ అదే. పైపొర 770 డిగ్రీలు దాటి అయస్కాంత గుణం కోల్పోగానే చుట్ట మీద భారం ఒక్కసారిగా మారిపోతుంది. మీటరు ముల్లు కదులుతుంది. ఆపరేటర్ షాఫ్టు వంక చూడకుండానే ఎక్కడిదాకా కాలిందో చెప్పగలడు.

ఎంత లోతు గట్టిపడాలో నిర్ణయించేది కరెంటు ఎంత వేగంగా దిశ మారుస్తుందన్నది. ఎర్రగా కాలిన ఉక్కులో మన ఇళ్లకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటు సుమారు ఏడు సెంటీమీటర్ల లోతు దాకా పోతుంది. 10 కిలోహెర్ట్జ్ అయితే ఐదు మిల్లీమీటర్లు. 400 కిలోహెర్ట్జ్ అయితే ఒక మిల్లీమీటరు లోపే. గనుల్లో తవ్వే యంత్రాల పిన్నులకు లోతైన పొర కావాలి, సన్నటి పళ్ల చక్రాలకు పలచనిది చాలు. మీట తిప్పితే లోతు మారుతుంది.

ఉక్కు చప్పుడు చేస్తుంది

మార్టెన్‌సైట్ సూదుల్లా పుడుతుంది. ఒక్కో సూది సెకనుకు సుమారు కిలోమీటరు వేగంతో దూసుకెళ్లి ఆగిపోతుంది. అంత వేగంగా పరమాణువులు పక్కకు జరిగితే చప్పుడు రాకుండా ఉంటుందా? 1936లో జర్మనీలో ఫోర్‌స్టర్, షైల్ అనే ఇద్దరు నికెల్ ఎక్కువున్న ఉక్కులో ఆ టకటకలను రికార్డు చేశారు. లోహాల్లోంచి వచ్చే శబ్దాన్ని బట్టి లోపలి మార్పులు తెలుసుకునే పరిశోధనల్లో అది తొలి అడుగుల్లో ఒకటి.

ఇంకో చప్పుడు ఉంది. ఇనుము చుట్టూ తీగ చుట్టి, ఆ తీగను యాంప్లిఫయర్ ద్వారా స్పీకరుకు కలిపి, ఇనుము దగ్గరికి మెల్లగా అయస్కాంతాన్ని తెస్తే రేకుల కప్పు మీద చిరుజల్లు పడ్డట్టు గరగర వినిపిస్తుంది. 1919లో హైన్రిష్ బార్క్‌హౌజెన్ విన్నాడు దాన్ని. ఇనుములోని చిన్న చిన్న అయస్కాంత ప్రాంతాలు ఒక్క ఉదుటున తిరగడం వల్ల వచ్చే శబ్దమది. మెత్తటి ఉక్కులో గరగర జోరుగా ఉంటుంది, గట్టిపడ్డ పైపొరలో తగ్గుతుంది. ముక్క కోయకుండా, ఆమ్లం పూయకుండా పైపొర సంగతి చెప్పే పరికరాలు దీని మీదే పనిచేస్తున్నాయి. గ్రైండింగ్‌లో ఎక్కువ కాలిపోయిన పళ్ల చక్రాలను పట్టుకోవడానికి వీటిని మించినవి తక్కువ.

రెట్టింపు లోతుకు నాలుగింతల సమయం

మెత్తటి ఉక్కుకు పైన మాత్రమే కర్బనం ఎక్కించి గట్టిపరిచేది కార్బరైజింగ్. గేర్లు, పిన్నులు ఇలా చేస్తారు. 925 డిగ్రీల దగ్గర కర్బనం ఉండే వాయువులో ఉంచితే నాలుగు గంటల్లో సుమారు 1.27 మిల్లీమీటర్ల లోతు దిగుతుంది. దానికి రెట్టింపు లోతు కావాలంటే ఎనిమిది గంటలు చాలవు, పదహారు గంటలు పడుతుంది. కర్బనం ముందుకెళ్లినకొద్దీ దాని నడక మందగిస్తుంది. తొందరున్న యజమానికి ఈ వర్గమూలం లెక్క అస్సలు నచ్చదు.

ఫర్నేసు లోపలి వాయువు ఎలా ఉందో చూడటానికి జిర్కోనియా గొట్టం పెడతారు. కార్ల పొగగొట్టాల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సారు కూడా ఇదే జాతి. ఇంత ఆధునిక యంత్రం ఉన్నా పక్కన ఇంకో పద్ధతి నడుస్తూనే ఉంటుంది. కాగితంలాంటి పలచటి ఉక్కు రేకును తూకం వేసి ఫర్నేసులోకి పంపుతారు, కాసేపాగి తీసి మళ్లీ తూకం వేస్తారు. పెరిగిన బరువే ఎక్కిన కర్బనం. జిర్కోనియా అబద్ధం చెబుతుందేమో చూడటానికి ఈ రేకే సాక్షి.

ఎర్ర జుట్టు కుర్రవాడు, మేకపోతు

12వ శతాబ్దపు జర్మన్ సన్యాసి థియోఫిలస్ తన చేతిపనుల గ్రంథంలో ఆకురాళ్లను గట్టిపరచడం వివరించాడు. కాల్చిన ఎద్దు కొమ్ము పొడిలో ఉప్పు కలిపి, ఎర్రగా కాలిన ఆకురాయి మీద చల్లి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచాలట. కొమ్ములో కర్బనమూ నత్రజనీ ఉంటాయి కాబట్టి ఇది పక్కా శాస్త్రం. ఆ పక్కనే ఇంకో వంటకం కూడా ఇచ్చాడు. మూడు రోజులు పస్తుంచి, ఆ తర్వాత ఫెర్న్ ఆకులే మేపిన మేకపోతు మూత్రం గాని, ఎర్ర జుట్టున్న కుర్రవాడి మూత్రం గాని మామూలు నీటికంటే ఉక్కును బాగా గట్టిపరుస్తాయని. నవ్వొచ్చినా, ఉప్పు కలిసిన నీరు ఆవిరి పొరను త్వరగా చీలుస్తుందన్నంత వరకు ఆయన సరైన దారిలోనే ఉన్నాడు. జుట్టు రంగు మాత్రం అదనపు హంగు.

అసురులు ముగ్గురు

ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ అడవుల్లో మట్టి కొలుముల్లో ఇనుము తీసిన జాతి అగరియాలు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. కొలిమికి లోహాసుర్, బొగ్గుకు కోయలాసుర్, నిప్పుకు అగ్యాసుర్ వాళ్ల దేవతలు. మన వైపు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1832లో అచ్చయిన, వాయిసీ అనే ఆంగ్లేయుడి వ్యాసం చెబుతోంది. అది పైపొర ఉక్కు కాదు. నిలువెల్లా కర్బనం నిండినది.

 

వజ్రం మొన, రెండు దెబ్బలు

గట్టిదనం కొలిచే రాక్‌వెల్ యంత్రం పుట్టిందే ఈ పైపొర బాధ నుంచి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం బ్రిస్టల్‌లో బేరింగులు చేసే కంపెనీలో హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ అని ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పనిచేసేవారు. బేరింగు వలయాలు సరిగ్గా గట్టిపడ్డాయో లేదో క్షణాల్లో తేలాలి. అప్పటికున్న బ్రినెల్ పద్ధతి నెమ్మది, పైగా పెద్ద గుంట పెడుతుంది. ముందు చిన్న బరువు, తర్వాత పెద్ద బరువు వేసి, మొన అదనంగా ఎంత దిగిందో నేరుగా డయల్ మీద చదివే ఉపాయం వాళ్లకు తట్టింది. 1914లో పేటెంటు అడిగారు, 1919లో వచ్చింది.

దీనికీ ఒక లొసుగుంది. గట్టి పొర పలచగా ఉంటే 150 కిలోల బరువుతో దిగిన వజ్రపు మొన దాన్ని దాటి కింది మెత్తటి ఉక్కు సంగతి చెబుతుంది. అందుకే పలచటి పొరలకు 15, 30, 45 కిలోల బరువులతో వేరే కొలత పెట్టారు. చేతికింద ఏ యంత్రమూ లేకపోతే ఆకురాయి ఉండనే ఉంది. అది కొరికితే ఉక్కు మెత్తన, జారిపోతే గట్టి.

బాలాపూర్‌లో నీళ్లు లేని పదును

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో లేజర్‌తో ఉక్కు పైపొరను గట్టిపరిచే పని జరుగుతోంది. లేజర్ కిరణం ఒక సన్నటి చారను మాత్రమే క్షణంలో కాలుస్తుంది. కిరణం జరిగిపోగానే చుట్టూ ఉన్న చల్లటి ఉక్కే దాన్ని చల్లారుస్తుంది. నీరూ అక్కర్లేదు, నూనే అక్కర్లేదు. రైలింజను చక్రం పట్టా మీద పొరపాటున చేసే పనే ఇది, ఇక్కడ కావాలని చేస్తారు. ఈ విద్యలో పైరోమీటర్ అంకెలు చూసి ఊరుకోదు. వేడి కాస్త పెరిగితే లేజర్ శక్తిని అప్పటికప్పుడు తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. తప్పు జరిగాక పట్టుకోవడం కాకుండా జరుగుతుండగానే సరిదిద్దడమన్నమాట.

మరిగే నీళ్లలో అరగంట

టీఎంటీ కడ్డీకి ఐఎస్ 1786 పెట్టే పరీక్షల్లో తిరిగి వంచే పరీక్ష ఒకటుంది. కడ్డీని ముందు 135 డిగ్రీల కోణానికి వంచుతారు. తర్వాత మరిగే నీళ్లలో అరగంట ఉంచుతారు. వంగిన చోట ఉక్కు నెలల తరబడి కాలంలో పెళుసెక్కే తీరును ఆ అరగంటలో తొందరపెట్టడం దీని ఉద్దేశం. చల్లారాక వెనక్కి 157.5 డిగ్రీలకు విప్పుతారు. పైపొర మితిమీరి మందమెక్కిన కడ్డీ, పైరోమీటర్ కళ్లుగప్పి ఇక్కడిదాకా వచ్చినా సరే, ఈ విప్పడం దగ్గర దొరికిపోతుంది. వంపు బయటి వైపు కంటికి పగులు కనిపించిందా, ఆ ముక్క తప్పినట్టే.